స్పైరల్ బైండింగ్

రువీల క్లాక్ టవర్ ఎనక గల్లీల
పేజీకి ఇరవై బైసలు.
నూరు దాటితే పదిహేను.
డాక్టర్లయితే పన్నెండు.
ఆ రేటు గోడ మీద రాసి లేదు,
సేఠ్‌కు తెల్వదు.

మెట్‌పల్లిల పదో తరగతి రెండుసార్లు తప్పిన నాకు
తప్పినోళ్ల మొఖాలు తలుపు కాడనే గుర్తు.
అద్దం తలుపు తోస్తరు, ఏసీ నీళ్లు నెత్తి మీద పడ్తయి,
తుడుసుకోరు.
పాత బొత్తి టేబుల్ మీద పెట్టి
"ఇంకో కాపీ" అంటరు మెల్లగ,
మందుల దుకాణంల పేరు చెప్పరాని మందు అడిగినట్లు.

ఒకలు బిష్కెక్‌ల చదివిండ్రు, ఒకలు మనీలాల,
ఒకలు లడాయొచ్చి నడుమనే మూసిన కాలేజీల.
మంచుల నేర్సుకున్న వైద్యానికి
ఈ ఎండల మళ్ల పరీక్ష.
కంప్యూటర్ ముంగట కూసోని
నాలుగిట్ల ఒకటి నొక్కాలె, అంతే.
ఖార్తూంల ఇరవై ఏండ్లు కడుపులు కోసి కుట్టిన పెద్దాయన
ఆ ఇరవై ఏండ్లను
ఏ గుండ్రంల పట్టియ్యాలె?
"అక్షరాలు జర పెద్దగ వస్తయా?" అని అడిగిండు నన్ను.
నూట పదిహేను శాతం పెట్టి తీసిన.
అక్షరాలు పెద్దగొచ్చినయి,
అంచుల మీది మాటలు తెగిపోయినయి.

అసలు చదువు అంచుల మీదనే ఉంటది.
అచ్చు అందరిది ఒకటే.
పక్కపొంటి పెన్సిలు రాతలే ఎవలయి వాళ్లయి,
మలయాళం, అరబ్బీ, ఉర్దూ.
ఒక తాన తెలుగుల: "ఇది రెండుసార్లు వచ్చింది, మర్వకు."
ఇంకో తాన కిడ్నీ బొమ్మ కింద:
"పాలపొడి. డైపర్లు. కిరాయి."
ఎవల బిడ్డకో కొనాలనుకున్న పాలపొడి,
నా లెక్కల నలభై మంది డాక్టర్లు చదివిండ్రు ఇప్పటికి.

నిఖత్ మేడం మూడోసారి తప్పినంక
తన బొత్తి తెచ్చి ఇక్కడనే పెట్టిపోయింది.
"ఎవలకన్న ఇయ్యి భాయ్, పైసలు తీసుకోకు."
మొఘల్‌పురా ఉర్దూల తెలుగు కలిపి మాట్లాడుతది.
పక్క గల్లీ క్లినిక్‌ల రిసెప్షన్ కుర్సీల కూసుంటది,
జరాలొచ్చినోళ్ల పేర్లు రాస్తది.
జరం ఎందుకొచ్చిందో ఆమెకు తెల్సు.
రాయొద్దు. కాయితం లేదు గద.

గిరాకి లేని మాపులు ఆ బొత్తి తిప్పుతుంటి.
సగం ఇంగ్లీషు అందది.
అండ్ల రోగులకు పేర్లుండయి:
ముప్పై నాలుగేండ్ల మగమనిషి. బయట పని.
తొడలు నొప్పి. మూత్రం డికాషన్ రంగు.
కింద నాలుగు జవాబులు.
మూడో దాని మీద మేడం పెట్టిన చుక్క, ఎర్రది,
ఎంత గట్టిగ ఒత్తిందో, కాయితం ఎనకకు ఉబ్బింది.

జూలై నెల. మా రూంల గంగనర్సు
పగటి బందు గంటలల్ల గూడ సెంట్రింగ్ కొట్టి వొచ్చి
బాత్‌రూం తలుపు తీసి నవ్విండు:
"సులేమానీ పోస్తున్నర బై!"
రూమంత నవ్వింది.
నాకు ఆ ఎర్ర చుక్క కండ్లల్ల పడ్డది.
ముప్పై నాలుగు కాదు, ఈయనకు ముప్పై తొమ్మిది.
ఈయనకు పేరుంది.

రాత్రి పదకొండుకు మేడం ఫోనెత్తింది.
"తొడ ఒత్తి సూడు. మొత్తుకుంటున్నడా?"
మొత్తుకున్నడు.
"ట్యాక్సీ. ఇప్పుడే. తెల్లారనియ్యకు."

ఆరు దినాలు సెలైన్లెక్కినయి.
డిశ్చార్జి కాయితం మీద ఇంకెవలదో సంతకం,
కింద లైసెన్సు నంబరు, గుండ్రని ముద్ర.
కంపెనీకొకటి, ఇన్సూరెన్సుకొకటి, నేనే కాపీలు తీసిన.
మేడం పేరు ఏడ లేదు,
వెలుతురు పెంచి సూసినా.

మొన్న వొచ్చింది. నాలుగోసారి ఫీజు కట్టిందట.
"నా పాత బొత్తి ఎవలకన్న ఇచ్చినవా?"
"లేదు మేడం, ఉన్నది. గని మీకు కొత్త కాపీ ఇస్త,
దీని వైరు సడలింది."

ఆమె ఫోన్ల ఉండంగ
ఆ పేజీ తీసిన. చుక్క పక్కపొంటి,
పదో తరగతి తప్పిన రాతల, పెన్సిలుతోని:
"గంగనర్సు. మెట్‌పల్లి. బతికిండు."
పెన్సిలు కాపీల సక్కగ రాదు.
నలుపు రెండు గీతలు పెంచి
బటన్ నొక్కిన.